థేడా నేసిన టోపీ పట్టీ

థేడా ఉల్ఫెర్ట్స్ టోపీలు కుట్టే ఇంట్లో పుట్టింది. విల్‌హెల్మ్స్‌హావెన్ రేవులో నౌకాదళం డాక్‌యార్డు గేటుకి ఎదురుసందులో కింద దుకాణం, పైన ఇల్లు. తండ్రి గెరియెట్ ఉల్ఫెర్ట్స్ కింద ఒకప్పుడు ఆరుగురు కుట్టుపనివాళ్లు ఉండేవారు. చక్రవర్తి కాలంలో ఆ రేవు నుంచి కదిలిన ఓడల్లో సగం ఓడల నావికుల నెత్తిన ఉన్నవి తన టోపీలేనని ఆయన చెప్పుకునేవాడు. సగం కాకపోవచ్చుగానీ బోలెడు ఓడల వాళ్లు ఆ గుమ్మం ఎక్కిన మాట మాత్రం నిజం.

థేడాకి అక్షరాలు వచ్చింది బళ్లో కాదు, ఆ దుకాణం సొరుగుల మీద. ఒక్కో సొరుగు మీద ఒక్కో ఓడ పేరు. లోపల ఆ ఓడ నావికులు టోపీ చుట్టూ కట్టుకునే నల్ల పట్టు పట్టీలు. పట్టీ మీద ఓడ పేరు జరీతో మెరుస్తూ ఉండేది. పైన డెక్కు మీద పనిచేసేవాళ్లకి బంగారు జరీ. కింద ఇంజన్ల దగ్గర, బాయిలర్ల దగ్గర పనిచేసేవాళ్లకి వెండి జరీ. ఆర్డరిచ్చిన పట్టీలు రావడం ఆలస్యమైతే నేసుకోవడానికి వెనకగదిలో చిన్న మగ్గం ఒకటి ఉండేది. రెండు వేళ్ల వెడల్పు పట్టీ తప్ప ఇంకేదీ దాని మీద రాదు. థేడా పదేళ్లు నిండేసరికి ఆ మగ్గం మీద తన పేరు నేసుకుంది.

మొదటి యుద్ధం చివర్లో నావికులు తిరగబడి టోపీల మీది చక్రవర్తి బిళ్లలు పీకి రోడ్డు మీద పారేశారు. థేడా వాటిని ఏరి గౌను నిండా మూటకట్టుకొచ్చింది. తండ్రి ఆ మూట చూసి, దుకాణం తలుపు వేసుకుని సాయంత్రందాకా లోపలే కూర్చున్నాడు. రెండో యుద్ధం అయిపోయే నాటికి ఆయన లేడు. ఆ ఏడు మే నెలలో జనం గెలిచిన సైన్యాల కంటపడకుండా ఇళ్లలో ఉన్న నౌకాదళం టోపీలన్నీ తెచ్చి కాలవలో కలిపేశారు. కొన్ని వారాలపాటు బాతుల మధ్య టోపీలు తేలుతూ ఉండేవి.

ఆ తర్వాత థేడా ఒక్కతే దుకాణం నడిపింది. రైల్వేవాళ్ల టోపీలు, ఫైరింజను వాళ్ల టోపీలు, తుపాకీ క్లబ్బుల వాళ్లు పండగకి పెట్టుకునే ఆకుపచ్చ టోపీలు కుట్టేది. యుద్ధానికి ముందు ఒకసారి పెళ్లి మాట వచ్చింది. ఆ మనిషి పంతొమ్మిది వందల నలభై రెండులో తూర్పు యుద్ధరంగానికి వెళ్లి తిరిగి రాలేదు. యాభై ఒకటిలో తల్లి పోయింది. ఇక ఇంట్లో మాట్లాడే గొంతు తనదొక్కటే.

అరవై మూడు శరదృతువులో ఒక శనివారం సాయంత్రం వార్తాపత్రికలో చుట్టిన పొట్లంతో ఒకాయన దుకాణంలోకి వచ్చాడు. పొడవాటి మనిషి, గుమ్మం తగలకుండా తల వంచే అలవాటు మెడలో ఉండిపోయినట్టు కొంచెం ముందుకి వంగి ఉన్నాడు.

"మీరేనా ఉల్ఫెర్ట్స్ గారు?"

"గుమ్మం మీద పేరుంది కదా."

"చిమ్మటలు తిన్న టోపీ ఒకటుంది. బాగుచేస్తారా?"

"చేస్తా. మిగిల్చిందేమన్నా ఉందా, లేక చిమ్మటల్నే తెచ్చారా?"

ఆయన నవ్వలేదుగానీ మీసం కదిలింది. పొట్లంలో ఉన్నది చక్రవర్తి కాలం నాటి నావికుడి టోపీ. ఊరవతల ఒక రైతు కోళ్లకి గుడ్ల గూడుగా వాడుతుంటే అడిగి తెచ్చుకున్నాడట. థేడా దాన్ని తిప్పి లోపలి అస్తరు చూసి, కుట్టు తమ దుకాణందేనని గుర్తుపట్టింది. ఆ మాట చెబితే ఆయన కుర్చీ కూడా అడక్కుండా కూలబడ్డాడు.

ఆయన పేరు ఐలెర్ట్ త్యాడెన్. కాలవ మీది పెద్ద వంతెనని ఓడలు వచ్చినప్పుడు పక్కకి తిప్పే ఉద్యోగం. భార్య పోయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. పాత నావికుల టోపీలు సేకరిస్తాడు. ఆ రోజు మొదలు ప్రతి శనివారం నాలుగింటికల్లా ఆయన రావడం, థేడా టీ పెట్టడం. కప్పులో పటికబెల్లం పలుకు వేసి, పైన మీగడ వదిలి, కలపకుండా మూడేసి కప్పులు తాగేవారు. కలిపి తాగేవాళ్లంటే ఇద్దరికీ చిరాకే.

పక్క వీధి బేకరీ అంకాకి ఈ శనివారాలు ఒక పండగ.

"ఏమే థేడా, ఇవాళ కూడా వెన్న కేకేనా? రెండు ముక్కలా, మూడా?"

"రెండు చాలు."

"మొన్న రెండు తీసుకెళ్తే ఒకటి నువ్వు తిన్నావా? మొత్తం ఆ వంతెనాయనకే పెట్టావా? నాలుగేళ్లుగా వస్తున్నాడు, ఒక్కనాడన్నా నీ నెత్తికేసి చూశాడా, అన్నీ పాత టోపీల కేసేనా?"

"నా నెత్తికి చిమ్మటలు పట్టలేదుగా, అందుకని చూడడు," అనేది థేడా. బయటికొచ్చాక సందు మలుపు తిరిగేదాకా ఆమె పెదాల మీద నవ్వు ఉండేది.

ఐలెర్ట్ ఇంట్లో గోడంత అద్దాల బీరువా. అందులో నలభై మూడు టోపీలు. తెల్లవి వేసవికి, నీలివి చలికాలానికి, అధికారుల రెండు కొనల టోపీలు రెండు, వానకి పెట్టుకునే మైనపు టోపీ ఒకటి. హిట్లర్ కాలపు గద్ద గుర్తు ఉన్నదాన్ని మాత్రం గడప దాటనివ్వడు. ఎవరో అలాంటిది ఉచితంగా ఇవ్వబోతే "దాన్ని పెట్టుకుని మావాళ్ల పొలంలో నిలబడు, కాకులు రావు," అని పంపించేశాడు. బీరువాలో మధ్య అరలో ఒక టోపీ ఉండేది, పట్టీ లేకుండా. దాని పట్టీ కోసమే ఆయన వెతుకులాటంతా. ఫ్రావెన్‌లోబ్ అనే ఓడ పట్టీ.

ఆ ఓడ మీద ఆయన అన్న హేయో ఉండేవాడు. పంతొమ్మిది వందల పదహారులో స్కాగెరాక్ దగ్గర జరిగిన పెద్ద సముద్ర యుద్ధంలో ఫ్రావెన్‌లోబ్ టార్పెడో తగిలి నిమిషాల్లో మునిగిపోయింది, హేయో తిరిగి రాలేదు. అప్పుడు హేయోకి ఇరవై ఒకటి, ఐలెర్ట్‌కి ఆరు. చివరిసారి సెలవుకి వచ్చి వెళ్తూ అన్న తన టోపీ తీసి తమ్ముడి నెత్తిన పెట్టాడు. అది జారి ముక్కు దాకా వచ్చింది.

"లోపలంతా చీకటి," అని చెప్పాడు ఐలెర్ట్ థేడాతో. "ఆ చీకట్లోంచి వాడి గొంతు వినిపించింది. 'ఒరేయ్, నేను రెండో నంబరు ఫిరంగి దగ్గర నిలబడతాను. నువ్వు కిటికీ దగ్గర కూర్చుంటే పెద్ద మోత వినిపిస్తుంది, అది నాదే,' అన్నాడు. నేను చాలా రోజులు కిటికీ దగ్గరే ఉన్నాను."

వాళ్ల ఇల్లు నలభై నాలుగు బాంబుదాడిలో కాలిపోయింది. ఫొటోలు, ఉత్తరాలు ఏవీ మిగల్లేదు. పదేళ్ల తర్వాత ఒకనాడు ఐలెర్ట్‌కి అన్న మొహం గుర్తు చేసుకుందామంటే రాలేదట. టోపీ లోపలి చీకటి, ఆ గొంతు, అంతే. ఆ మర్నాడే ఆయన టోపీలు సేకరించడం మొదలుపెట్టాడు.

థేడా తండ్రి సొరుగుల్లో ఫ్రావెన్‌లోబ్ సొరుగు ఉండేది. ఆమెకి బాగా గుర్తు. కానీ ఆ పట్టీలన్నీ యుద్ధం తర్వాత వచ్చిన కరువులో ఎవరో బొమ్మలవాడికి అమ్ముడైపోయాయి. ఆ సంగతి ఐలెర్ట్‌కి మొదటి నెలలోనే చెప్పింది. ఆయన తల ఊపి, "అయితే ఎక్కడో ఏదో బొమ్మ నెత్తిన ఉండి ఉంటుంది," అన్నాడు. బొమ్మల సంతలు కూడా తిరగడం మొదలుపెట్టాడు.

ఏడేళ్లు గడిచాయి. డెబ్బై చలికాలంలో ఆయనకి గుండె నొప్పి వచ్చింది. డాక్టరు వంతెన ఉద్యోగం మానెయ్యమన్నాడు. డెబ్బై ఒకటి జనవరిలో హాంబర్గ్ నుంచి ఒక వ్యాపారి ఉత్తరం రాశాడు, ఫ్రావెన్‌లోబ్ పట్టీ తన దగ్గర ఉందని. ఐలెర్ట్ ఎవరి మాటా వినకుండా మంచులో బయల్దేరి వెళ్లాడు. తీరా చూస్తే అది వేరే ఓడది. పేరు దగ్గరగా ఉంది, అంతే, వ్యాపారి సరిగ్గా చదవలేదు. తిరిగొచ్చి స్టేషన్ నుంచి నేరుగా థేడా దుకాణానికే వచ్చాడు. టీ ముట్టుకోలేదు.

"ఇక దొరకదండీ," అన్నాడు. "నేను వెతకడం మానేస్తాను. మా హేయో నన్ను ఎందుకు వదిలిపెట్టడం లేదో నాకు తెలీదు. అరవై ఏళ్లొచ్చాయి నాకు."

ఆయన మొహం ఆ రోజు పాత గుడ్డలా ఉంది. ఆ మొహం థేడాకి వారమంతా కళ్లముందే కదిలింది. రైల్వే టోపీకి చుట్టుకొలత తీస్తుంటే అదే, రొట్టె కోస్తుంటే అదే.

ఫిబ్రవరి మొదటి సోమవారం ఆమె దుకాణం గుమ్మానికి 'ఇవాళ సెలవు' అని అట్ట తగిలించి, వెనకగదిలో మగ్గం మీది దుప్పటి తీసింది. తండ్రి దాచిన పాత నల్ల పట్టు ఉంది. బంగారు జరీ ఉంది, వెండి జరీ ఉంది. వెండిది నల్లబడి ఉంది. ఐలెర్ట్ అన్న ఫిరంగి దగ్గర నిలబడేవాడు కాబట్టి కావలసింది బంగారుదే. ఆమె కిటికీ పక్కకి మగ్గం జరుపుకుంది. ఆ నెలలో వెలుతురు ఉండేది పగలు కాసేపే. ఆ కాసేపట్లో రోజుకి ఒక అక్షరం, ఒక్కోసారి అక్షరంలో సగం. చూపు ఆనక ఆర్ అక్షరం రెండుసార్లు ఊడదీసింది. పదకొండు రోజులకి పట్టీ అయింది. దాన్ని చల్లారిన టీలో ముంచి, ఆరబెట్టి, ఉన్ని గుడ్డతో రుద్ది, మడతలు పడేలా గుప్పిట్లో నలిపింది. చేస్తున్నంతసేపూ తాను తప్పు చేస్తున్నానని ఆమెకి తెలుసు. తెలిసీ ఆ చేతులు ఎంత సంతోషంగా పనిచేశాయంటే, అలాంటి సంతోషం ఆమె ఎరిగి చాలా ఏళ్లయింది.

శనివారం ఆయన వచ్చాడు. ఆమె పట్టీని బల్ల మీద పెట్టింది.

"నాన్న నమూనాల పెట్టె అటక మీద ఒకటి మిగిలిపోయింది. దాని అడుగున ఉంది," అంది. గొంతు వణకలేదు. వణకనందుకు తర్వాత తనమీద తనకే అసహ్యం వేసింది.

ఐలెర్ట్ ముందు తన నెత్తి మీది టోపీ తీశాడు. నిలబడే చదివాడు. వేలితో ఒక్కో అక్షరం తడుముతూ చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి వచ్చాడు. తర్వాత అటు తిరిగి ముక్కు చీదుకుని, "బయట గాలి ఎక్కువగా ఉంది, కళ్లల్లో పడింది," అన్నాడు. తలుపులన్నీ మూసే ఉన్నాయి.

ఏప్రిల్‌లో ఒక శనివారం మూడో కప్పు తాగి, చెంచా కప్పులో నిలబెట్టి, ఇక చాలని సైగ చేశాక, ఆయన లేవలేదు.

"మా ఇంట్లో నలభై మూడు టోపీలున్నాయి," అన్నాడు. "తల ఒకటే ఉంది. ఇంకో తల ఉంటే బావుంటుందనిపిస్తోంది."

"ఆ తలకి అరవై రెండేళ్లండీ."

"అవి కూడా పాతవేగా. నేను పాతవే తెచ్చుకుంటాను." అని, "థేడా, నువ్వు మా హేయోని ఇంటికి తీసుకొచ్చావు. నాకు ఇంతకంటే చెప్పడం రాదు," అన్నాడు.

ఆయన ఆమెని నువ్వు అనడం అదే మొదలు. ఏడేళ్లుగా మీరు, మీరే. థేడా సరేనంది. ఆయన తనకోసం అడుగుతున్నాడా, పట్టీ కోసం అడుగుతున్నాడా? అడిగి తెలుసుకోవడానికి వీల్లేని ప్రశ్న.

సెప్టెంబరులో పెళ్లి అనుకున్నారు. అంకా బేకరీలో అందరికీ చెప్పేసింది. "టోపీ పెట్టి పెట్టి చివరికి పెట్టేశాడమ్మా," అని ఆమె నవ్వితే కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు, థేడా కూడా.

చెప్పెయ్యాలని ఆమె రెండుసార్లు ప్రయత్నించింది. ఒకసారి సముద్రపు కట్ట మీది బెంచీ మీద కూర్చుని ఉన్నారు. సముద్రం వెనక్కి తగ్గి, కనుచూపుమేరా బురద మెరుస్తోంది. "ఐలెర్ట్, నీకో సంగతి చెప్పాలి," అంది.

"ముందు నాది విను. రోజూ పొద్దున్నే కాఫీ పెట్టుకుని బీరువా ముందుకెళ్లి 'మోయిన్, హేయో' అని పలకరిస్తున్నాను. పిచ్చివాడిననుకుంటావా? ఈమధ్య వాడి మొహం కొంచెం కొంచెం వస్తోంది థేడా. గడ్డం దగ్గర చిన్న గాటు ఉండేది. నిన్న గుర్తొచ్చింది. ఊఁ, నీదేమిటి?"

"ఏంలేదు. పెళ్లికి ఏ టోపీ పెట్టుకుంటావని," అంది థేడా.

రెండోసారి ఇంటిదాకా వెళ్లి, బెల్లు నొక్కకుండా తిరిగొచ్చింది.

మే ఆఖర్న పెంతెకొస్తు పండగ సోమవారం ఇద్దరూ రైలెక్కి వారెల్ వెళ్లారు. ఐలెర్ట్ అక్క గెస్కే అక్కడ వృద్ధాశ్రమంలో ఉంటోంది. తుంటి విరిగి చక్రాల కుర్చీకి అంటుకుపోయిందిగానీ నోరు చెక్కుచెదరలేదు.

"పెళ్లా?" అంది గెస్కే. "ఇంత తొందరేమొచ్చిందిరా? ఇంకో పదేళ్లు ఆలోచించుకోకూడదూ?" థేడాని పైనుంచి కిందిదాకా చూసింది. "అమ్మాయి బాగానే ఉంది. వీడు చెవులు పగిలేలా గుర్రు పెడతాడు, ఎవరన్నా చెప్పారా నీకు? సరే, ఇలా రా, కూర్చో."

కేకు తిన్నారు. గెస్కే థేడా చేతిని తన చేతిలో పెట్టుకుని ఉంచుకుంది. అప్పుడు ఐలెర్ట్ కోటు జేబులోంచి పొట్లం తీశాడు. "నీకు చూపిద్దామని దాచాను అక్కా. ఫిబ్రవరి నుంచీ దాచాను."

గెస్కే కళ్లద్దాలు పెట్టుకుంది. చదివి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. చేతులు దించి, "ఎక్కడిదిరా ఇది?" అంది.

"థేడా వాళ్ల నాన్న పెట్టెలో దొరికింది. మన హేయో పట్టీ ఇలాగే ఉండేది కదూ?"

"పేరు ఇదే. కానీ మనవాడిది బంగారుది కాదురా. వెండిది."

"లేదక్కా. నువ్వు మర్చిపోయావు. ఫిరంగుల దగ్గరివాళ్లకి బంగారుదే."

"ఫిరంగులేంట్రా? వాడు బాయిలర్లో బొగ్గు పోసేవాడు. సెలవుకి వచ్చినప్పుడల్లా ఆ పట్టీ నేనే మెరిపించేదాన్ని, ఎండిన రొట్టె ముక్కతో రుద్ది. తినడానికి లేక ఛస్తుంటే రొట్టె అరగదీస్తావా అని అమ్మ నా వీపు మీద ఒకటిచ్చింది కూడా. వెండి అక్షరాలు. నాకు తెలీదూ?"

ఐలెర్ట్ నవ్వడానికి ప్రయత్నించాడు. "మరి నాతో రెండో నంబరు ఫిరంగి అన్నాడే?"

"నీకు ఆరేళ్లు. పొద్దస్తమానం ఫిరంగి ఫిరంగి అని వాడి ప్రాణం తీసేవాడివి. బొగ్గు పోస్తానంటే నీ మొహం ఎలా మాడిపోతుందో వాడికి తెలుసు. అందుకే అలా చెప్పాడు. మేమంతా నవ్వుకున్నాం."

"యాభై అయిదేళ్లలో నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడన్నా అడిగావురా?" అంది గెస్కే. అని, తమ్ముడి మొహం చూసి, తానేం చేసిందో అప్పుడు అర్థమై, "ఒరేయ్ తమ్ముడూ," అంటూ చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఆయనకి అందలేదు.

తిరుగు రైల్లో ఐలెర్ట్ కిటికీ పక్కన కూర్చున్నాడు. సాండె స్టేషన్లో రైలు ఆగాక, "అయితే కింద ఉన్నాడన్నమాట," అన్నాడు. "నేనెప్పుడూ వాడిని పైనే చూసుకున్నాను. గాలి తగులుతూ. నీళ్లలోకి దూకి ఉంటాడు, కాసేపన్నా ఈది ఉంటాడు అనుకునేవాణ్ని. కింద ఉన్నవాళ్లకి మెట్లెక్కడానికి కూడా టైముండదు, థేడా."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన పట్టుకోనిచ్చాడు.

బుధవారం పొద్దున్న, శనివారం కూడా కాదు, ఆయన దుకాణానికి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. కళ్లల్లో మాత్రం ఒక ఆత్రం.

"రెండు రోజులు ఆలోచించాను," అన్నాడు. "వాడు కింద ఉంటే కిందే ఉండనీ. నాకు వాడి వెండి పట్టీ కావాలి. మీ నాన్న పెట్టెలో బంగారుది ఉందంటే వెండిదీ ఉండాలి కదా? ఆయన రెండు రకాలూ నమూనాకి పెట్టుకునేవాడని నువ్వే చెప్పావు. ఇంకొక్కసారి అడుగుదాకా చూడవా థేడా? కావాలంటే అటక నేనే ఎక్కుతాను."

థేడా సూది కింద పెట్టింది. వెనకగదిలో వెండి జరీ ఉంది. ఎండు రొట్టెతో రుద్దితే తెల్లబడుతుంది. జూన్ వెలుతురు పొద్దున్నుంచీ సాయంత్రందాకా ఉంటుంది, పదకొండు రోజులు కూడా పట్టదు. పై వారం ఆయన ఆ పట్టీ ముందు టోపీ తీసి నిలబడతాడు. సెప్టెంబరు వస్తుంది. ఆమెకి ఇదంతా ఒక్క క్షణంలో కనిపించింది. ఎంత తేలికో కూడా కనిపించింది.

"పెట్టె లేదు, ఐలెర్ట్," అంది.

"పారేశావా?"

"ఎప్పుడూ లేదు."

"మరి ఇది ఎక్కడ దొరికింది?"

"దొరకలేదు. నేశాను."

ఆయనకి వెంటనే ఎక్కలేదు. ఆమె లేచి వెనకగది తలుపు తీసి, మగ్గం మీది దుప్పటి తొలగించింది. మగ్గానికి సాచిన పడుగు మీద రెండు మూడు అంగుళాల నల్ల పట్టు ఇంకా మిగిలే ఉంది. ఐలెర్ట్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. పోగు నడిపే నాడెని చేత్తో తీసుకుని, బరువు చూస్తున్నట్టు పట్టుకుని, మళ్లీ ఉన్నచోటే పెట్టాడు.

"ఎన్ని రోజులు పట్టింది?"

"పదకొండు."

"బాగా నేశావు," అన్నాడు. వ్యంగ్యం కాదు. అది వ్యంగ్యమై ఉంటే థేడా భరించగలిగేది.

"నువ్వు హాంబర్గ్ నుంచి వచ్చిన రోజు నీ మొహం చూశాను. చూడలేకపోయాను."

"ఆ మొహం నాది," అన్నాడు ఆయన మెల్లిగా. "దాన్ని నాకు ఉంచెయ్యాల్సింది. వాడి గడ్డం మీద గాటు గుర్తొచ్చిందని నీతో చెప్పాను కదా? ఇప్పుడు అది నిజంగా ఉందో, ఈ పట్టీ చూసి నేనే కల్పించుకున్నానో నాకు తెలీదు. అక్కని అడగడానికి భయమేస్తోంది."

"ఐలెర్ట్, నన్ను తిట్టు. నాలుగు తిట్టి కూర్చో. టీ పెడతాను."

"వాడొక అబద్ధం చెప్పాడు, నేను చిన్నవాణ్నని. నువ్వొకటి చెప్పావు. నేను అందరికీ అంత జాలిపడాల్సినవాడిలా కనిపిస్తానా?"

ఆయన టోపీ పెట్టుకుని గుమ్మం దగ్గరికి నడిచాడు. తల వంచి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"వస్తానండీ, ఉల్ఫెర్ట్స్ గారూ."

ఆ 'అండీ' దగ్గర థేడా ఆగిపోయింది. వెనక పరిగెత్తాలనుకున్నదల్లా బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడింది.

శనివారం నాలుగింటికి టీ పెట్టింది. పై శనివారం కూడా పెట్టింది. జులైలో ఆయన ఇంటికి వెళ్లింది. తలుపు తీశాడు, కూర్చోమన్నాడు, ఆరోగ్యం ఎలా ఉందండీ అని అడిగాడు. బీరువా అద్దాలకి లోపలి వైపు నుంచి కాగితం అంటించి ఉంది. ఆగస్టులో మళ్లీ వెళ్తే బీరువాలో సగం ఖాళీ. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ టోపీలు ఇచ్చేస్తున్నాడని వీధిలో అనుకున్నారు. ఆ పట్టీ ఏంచేశాడని అడిగే ధైర్యం ఆమెకి లేకపోయింది. సెప్టెంబరు వచ్చి వెళ్లిపోయింది. అంకా కేకుల ఊసెత్తకుండా రొట్టె మాత్రం కాగితంలో చుట్టి ఇచ్చేది.

మరుసటి ఏడు మార్చిలో ఒక పొద్దున్న అంకా ఏప్రన్‌తోనే, చేతులకి పిండితోనే దుకాణంలోకి వచ్చింది. ఆమె నోరు విప్పకముందే థేడా కుర్చీలో కూర్చుంది.

"నిద్రలోనేనట," అంది అంకా. "పాలవాడు చూశాడు. నొప్పి తెలిసి ఉండదు థేడా."

"నువ్వు చూశావా?"

"లేదు."

"అయితే అలా అనకు. తెలియనిది నాకు చెప్పొద్దు," అని థేడా ఏడ్చింది. అంకా ఆమె తలని పిండి చేతులతోనే గుండెకి అదుముకుంది.

శ్మశానంలో థేడా అందరికంటే వెనక నిలబడింది. వంతెన మీద పనిచేసినవాళ్లు, ఇద్దరు ముగ్గురు టోపీల సేకరణవాళ్లు, అంతే జనం. గెస్కే చక్రాల కుర్చీలోంచి తల తిప్పి వెతికి, "అమ్మాయీ, అక్కడేం చేస్తున్నావు? నీ చోటు ఇక్కడ," అని అందరూ వినేలా పిలిచింది. థేడా ముందుకెళ్లి కుర్చీ పక్కన నిలబడింది. మట్టి వెయ్యమంటే మాత్రం చెయ్యి లేవలేదు. గెస్కేనే రెండుసార్లు వేసింది.

ఆ తర్వాత నెలకోసారి థేడా రైలెక్కి వారెల్ వెళ్లేది. ఇద్దరు ముసలివాళ్లూ కిటికీ దగ్గర కూర్చుని ఐలెర్ట్ గురించి మాట్లాడుకునేవారు. చిన్నప్పుడు చెరువులో పడ్డ సంగతి, భార్యని మొదటిసారి చూసి నాలిక మడతపడ్డ సంగతి, గుర్రు సంగతి. ఆ గుర్రు తాను ఒక్కసారి కూడా వినలేదని థేడా ఒకనాడు అంటే గెస్కే ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు," అంది. "నువ్వు వాడికి ఎందుకు చెప్పావు? వెండిది కూడా నేసి ఇచ్చేస్తే నేను మాత్రం నోరు మెదిపేదాన్నా? వాడు సంతోషంగా పోయేవాడు. నువ్వూ ఒక ఏడాదన్నా భార్యవయ్యేదానివి."

"అటక ఎక్కుతానన్నాడు వదినా," అంది థేడా. "గుండె జబ్బు మనిషి, లేని పెట్టె కోసం అటక ఎక్కుతానన్నాడు. నా వల్ల కాలేదు."

గెస్కే తల ఊపింది. ఒప్పుకున్నట్టా, కాదా, థేడాకి అర్థంకాలేదు. బయట ఎవరో పచ్చిక కోస్తున్నారు. నర్సు వచ్చి కిటికీ మూసింది.

గెస్కే డెబ్బై ఏడులో పోయింది. థేడా ఇంకో రెండేళ్లు దుకాణం నడిపి, చేతి వేళ్లు కొంకర్లు పోవడంతో మానేసింది. సేకరించేవాళ్లు బ్రెమెన్ నుంచి, కీల్ నుంచి పాత టోపీలు పట్టుకుని వస్తూనే ఉండేవారు. ఓడ టోపీలు చెయ్యనని పంపించేసేది. ఎందుకని ఎవరన్నా అడిగితే చూపు ఆనడం లేదనేది. ఒకాయన మాత్రం పట్టువదలకుండా టోపీని తిప్పి అస్తరు చూపించి, ఇది మీ దుకాణం కుట్టేనా, ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు అన్నాడు. థేడా దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి చాలాసేపు చూసింది. తమ కుట్టులాగే ఉంది.

"చెప్పలేనండీ," అంది. "మాదే అనిపిస్తోంది. కానీ ఖాయంగా చెప్పలేను."

టోపీ తిరిగిచ్చి, ఆయన్ని గుమ్మందాకా సాగనంపి, తలుపు గడియ వేసుకుంది.